నెలకి రెండు లక్షల అద్దె వచ్చే బిల్డింగ్, ఓసీ మాత్రం లేదంట... కొనాలా వద్దా?

ఈసారి ఉత్తరం చాలా పెద్దది, ఆరు పేజీలు. రాసినావిడ పేరు వద్దన్నారు, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేసి విషయం మాత్రం చెప్తా.

ఆవిడకి 49 ఏళ్లు, భర్తకి రిటైర్మెంట్ ఇంకా నాలుగేళ్లు ఉంది. నల్గొండ వైపు మామగారి పొలం అమ్మితే వీళ్ల వాటాకి వచ్చిందీ, ఇన్నేళ్లు దాచుకున్నదీ కలిపి 2 కోట్ల 30 లక్షలు చేతిలో ఉన్నాయి. అత్తగారు వీళ్ల దగ్గరే ఉంటారు, ఆవిడ వాటా డబ్బు కూడా ఇందులోనే ఉంది. రిటైరయ్యాక నెలనెలా అద్దెలు వస్తే చాలు అనుకుంటుంటే ఆడపడుచు భర్త ఒక బిల్డింగ్ చూపించాడు. హైదరాబాద్ నాగోలు వైపు ఒక కాలనీలో 300 గజాల్లో స్టిల్ట్ (కింద గోడలు లేకుండా పిల్లర్ల మీద వదిలిన పార్కింగ్) ప్లస్ ఐదంతస్తులు, పైన పెంట్‌హౌస్. ఫ్లోరుకి రెండు పోర్షన్లు, ఒక్కోటి 17 వేలు, పెంట్‌హౌస్ 15 వేలు, కింద పార్కింగ్‌లో గోడలు కట్టి కర్రీ పాయింట్‌కి ఇచ్చిన షాపు 12 వేలు. మొత్తం 1,97,000. ధర 3 కోట్ల 80 లక్షలు, అందులో 80 లక్షలు క్యాష్ అడుగుతున్నారు. 5 లక్షలు అడ్వాన్స్ ఇచ్చి 45 రోజుల అగ్రిమెంట్ రాసుకున్నారు, 17 రోజులు అయిపోయాయి.

ఇంతలో బ్యాంకు వాళ్ల టెక్నికల్ మనిషి వచ్చి చూసి, శాంక్షన్ స్టిల్ట్ ప్లస్ మూడే, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (అదే ఓసీ, ప్లాన్ ప్రకారమే కట్టారని చూసి కార్పొరేషన్ ఇచ్చే కాగితం) లేదు, లోన్ కుదరదన్నాడు. ఒక ఫైనాన్స్ కంపెనీ మాత్రం 12% వడ్డీకి కోటిన్నర ఇస్తానంది. అమ్మేవాళ్లేమో "ఈ కాలనీలో ఓసీ ఎవరికుందమ్మా, మేం పన్ను కడుతున్నాం, మీటర్లు ఉన్నాయి, ఎల్‌ఆర్‌ఎస్ అయిపోయింది, రేపు బీఆర్‌ఎస్ వస్తే అంతా రెగ్యులర్ అయిపోతుంది" అంటున్నారట. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపించే సర్టిఫికెట్) తీస్తే 2016లో మున్సిపల్ కమిషనర్ పేరు మీద మార్ట్‌గేజ్ అని ఒక ఎంట్రీ ఉంది, అదేంటో ఎవరూ సరిగ్గా చెప్పట్లేదు. భర్త మాత్రం పై రెండు ఫ్లోర్లు లేడీస్ హాస్టల్‌కి ఇస్తే ఇంకో 40 వేలు ఎక్కువొస్తాయని లెక్కలు వేస్తున్నారు. "నేను వద్దంటే మా ఆడపడుచు ఇల్లు మాతో మాట్లాడదు, సరే అంటే నాకు నిద్ర పట్టదు, మీరేమంటారు" అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివా. ముందుగా ఒక మాట, బ్యాంకు మనిషి లోన్ ఇవ్వనన్నాడని మీరు దిగులుపడ్డారు గానీ ఈ మొత్తం వ్యవహారంలో మీకు ఫ్రీగా నిజం చెప్పిన మనిషి ఆయనొక్కడే. మిగతా అందరికీ ఈ బేరం కుదిరితే ఎంతో కొంత వస్తుంది.

ఓసీ లేదు అనగానే అందరూ ఒకటే జబ్బు అన్నట్టు మాట్లాడతారు, "అందరికీ ఉన్నదే కదా" అని కొట్టిపారేస్తారు. కానీ అందులో తేలికపాటి జలుబూ ఉంటుంది, ప్రాణం మీదకొచ్చేదీ ఉంటుంది. ప్లాన్ ప్రకారమే కట్టి, ఓసీ కోసం తిరగడానికి బద్ధకించి వదిలేసినవాళ్లు ఉంటారు, అది జలుబు, కాగితాలు పెట్టి కొంచెం తిరిగితే పోతుంది. చుట్టూ వదలాల్సిన ఖాళీలో అడుగో అడుగున్నరో ముందుకొచ్చినవాళ్లు ఉంటారు, సెట్‌బ్యాక్‌లో 10% లోపు తేడా అయితే ఫైన్ కట్టించుకుని ఓసీ ఇచ్చే వీలు 2012 నాటి బిల్డింగ్ రూల్స్‌లో, అదే అందరూ జీవో 168 అంటారు, అందులోనే ఉంది. మూడో రకం మీది. మూడంతస్తులకి పర్మిషన్ తీసుకుని ఐదు వేసి పైన పెంట్‌హౌస్, కింద షాపు. దీనికి ఫైన్ కట్టి బయటపడే దారి ఆ రూల్స్‌లో లేదు, ఓసీ కావాలంటే ఎక్కువ కట్టింది తీసేయాల్సిందే. నాలుగోది ఇంకా ఘోరం, బిల్డింగ్ బాగానే ఉంటుంది, స్థలమే తప్పు, చెరువులోనో నది పక్కనో మాస్టర్ ప్లాన్ రోడ్డులోనో ఉంటుంది. మీది మూడోదని తెలిసిపోయింది, నాలుగోది కూడానా కాదా అన్నది ఇంకా ఎవరూ చూడలేదు. దాని దగ్గరకి తర్వాత వస్తా.

ముందు ఆ ఈసీ ఎంట్రీ సంగతి. భయపడకండి, అదేమీ అప్పు కాదు. పర్మిషన్ ఇచ్చేటప్పుడు, ప్లాన్ ప్రకారం కట్టకపోతే పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని, కట్టబోయే దాంట్లో 10% ఏరియాని కార్పొరేషన్ తన పేరు మీద మార్ట్‌గేజ్ చేయించుకుంటుంది. ప్లాన్ ప్రకారం కట్టారని చూసి ఓసీ ఇచ్చాక దాన్ని వదిలేస్తుంది. మీ బిల్డింగ్‌కి ఓసీ రాలేదు కాబట్టి అది వదల్లేదు. అంటే మీరు 3 కోట్ల 80 లక్షలు పెట్టి కొనబోయే ఇంట్లో ఒక పోర్షన్‌లో చాలా భాగం, బహుశా కిందంతస్తులోదే, ఇప్పటికీ కార్పొరేషన్‌కి తనఖాలో ఉంది, అందులో ఉంటున్నవాళ్ల దగ్గర 17 వేల అద్దె వసూలు చేస్తూ మీకు అమ్ముతున్నారు. ఆ మార్ట్‌గేజ్ డీడ్ కాపీ రిజిస్ట్రేషన్ ఆఫీసులో తీయించండి, ఏ పోర్షనో కొలతలతో సహా అందులో ఉంటుంది.

ఇప్పుడు అమ్మేవాళ్లు చెప్పే మాటలు. పన్ను కడుతున్నాం అంటారు. కార్పొరేషన్‌కి పన్ను వసూలు ఒక పని, పర్మిషన్ ఇంకో పని, అక్రమంగా కట్టిన ఫ్లోరుకి కూడా పన్ను వేస్తారు, పైగా పెనాల్టీ కలిపి వేస్తారు, అది కట్టినంత మాత్రాన ఫ్లోరు సక్రమం అయిపోదు. కరెంట్ మీటరూ అంతే. ఎల్‌ఆర్‌ఎస్ అయిందంటారు, ఎల్‌ఆర్‌ఎస్ అంటే లేఅవుట్ రెగ్యులరైజేషన్ స్కీమ్, అది ప్లాటుకి సంబంధించింది, అనుమతి లేని లేఅవుట్‌లో ఉన్న ఖాళీ స్థలాన్ని సరిచేసే స్కీము. స్థలం సరైంది కాబట్టే మూడంతస్తులకి పర్మిషన్ వచ్చింది, ఆ కాగితం నాలుగో అంతస్తు దాకా ఎక్కదు.

బీఆర్‌ఎస్ అన్నారు (పార్టీ కాదు లెండి, బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్). ఇది మన జనం ఎక్కువగా మోసపోయే చోటు కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. ఉమ్మడి రాష్ట్రంలో 2007 చివర్లో బీపీఎస్ (అక్రమ కట్టడాలకి జరిమానా కట్టించుకుని సరిచేసే స్కీము) అని ఒకటి తెచ్చారు, అప్పటిదాకా కట్టినవాటికి. అదే చివరిసారి అన్నారు. తెలంగాణ వచ్చాక 2015 నవంబరులో బీఆర్‌ఎస్ తెచ్చారు, దానికి కటాఫ్ 28 అక్టోబరు 2015. అది హైకోర్టులో కేసు పడి ఆగింది. మీ బిల్డింగ్‌కి పర్మిషన్ 2016లో, కట్టడం అయిపోయింది 2018లో అని మీరే రాశారు. అంటే ఆ కేసు రేపు తేలి స్కీము మళ్లీ నడిచినా మీ బిల్డింగ్ దాని కిందకి రాదు! "వస్తే అయిపోతుంది" అన్నమాటలో ఆ "వస్తే" అనేది ఇంతవరకు పుట్టని స్కీము. పుట్టదని నేననను, మన దగ్గర ప్రభుత్వాలకి డబ్బు అవసరమైనప్పుడల్లా ఇలాంటివి పుడుతుంటాయి, కానీ దాని మీద 80 లక్షల క్యాష్ పెట్టే ధైర్యం మీకుందా అని.

పైగా గాలి ఇటువైపు లేదు. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది, మీరట్‌లో నివాసానికని ఇచ్చిన ప్లాటులో షాపులు కట్టుకున్న కేసు అది, మీ కర్రీ పాయింట్‌కి పెద్దన్న అనుకోండి. ఎన్నేళ్లు గడిచాయి, ఎంత ఖర్చు పెట్టారు, అధికారులు ఎందుకు ఊరుకున్నారు, ఇవేవీ అక్రమ కట్టడాన్ని కాపాడే కారణాలు కావని కోర్టు చెప్పింది. కట్టడాన్ని కూల్చడమే సరైందంది. దాంతోపాటు బ్యాంకులు ఓసీ చూసుకున్నాకే లోన్ ఇవ్వాలని, కరెంటు, నీళ్ల కనెక్షన్లు కూడా ఓసీ చూశాకే ఇవ్వాలని దేశమంతటికీ ఆదేశాలిచ్చింది. కింద ఎంతవరకు అమలవుతుందనేది వేరే కథ, కానీ మీ బ్యాంకు మనిషి అంత గట్టిగా ఎందుకు వద్దన్నాడో ఇప్పుడు అర్థమైంది కదా. ఇవాళ మీకు లోన్ ఇవ్వని బ్యాంకు పదేళ్ల తర్వాత మీ దగ్గర కొనేవాడికీ ఇవ్వదు, అది గుర్తుంచుకోండి.

ఇది నాకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు. నేనూ ఒకప్పుడు ఓసీ లేని ఫ్లాటు కొన్నా, బిల్డరు రేపు మాపు అంటూ తిప్పాడు, నేనూ పోన్లే అనుకుని మర్చిపోయా. పిల్ల చదువుకి అమ్ముదామని పెడితే వచ్చినవాళ్లందరికీ ఇల్లు నచ్చేది, అందరి బ్యాంకూ వెనక్కి పంపేది. ఏడాది దాటాక పూర్తి డబ్బు చేతిలో ఉన్న ఒకాయన దొరికాడు, ఆయనకి నా అవసరం తెలుసు, తొమ్మిది లక్షలు తగ్గించి తీసుకున్నాడు. ఆయన తప్పేం లేదు, నేనైనా అదే చేద్దును.

ఇక మీ లెక్కల దగ్గరకొద్దాం, అసలు నాకు ఎక్కువ భయమేసింది ఇక్కడే. కోటిన్నర, 12%, 15 ఏళ్లు అంటే ఈఎంఐ దాదాపు లక్షా 80 వేలు. అద్దె మొత్తం లక్షా 97 వేలు. అన్ని పోర్షన్లూ 12 నెలలూ నిండి ఉండి, అందరూ అయిదో తారీఖుకి డబ్బు వేస్తేనే 17 వేలు మిగులుతాయి, అందులోంచి వాచ్‌మన్ జీతం, లిఫ్ట్, మోటారు, పన్ను కట్టాలి, నీళ్ల ట్యాంకర్ల బాధ వానాకాలంలో లేకపోయినా ఎండాకాలంలో ఉండనే ఉంటుంది. అంటే అక్రమమైన వాటితో సహా అన్నీ బాగా నడిచినా మీ చేతికి ఏమీ రాదు, మీరు ఆ ఫైనాన్స్ కంపెనీకి 15 ఏళ్లు అద్దెలు వసూలు చేసిపెడతారంతే. మీవారి రిటైర్మెంట్‌కి కావాల్సిన నెల ఆదాయం ఇందులో ఎక్కడుంది?

ఇప్పుడు శాంక్షన్ ఉన్న మూడంతస్తులే తీసుకోండి. ఆరు పోర్షన్లు, 1,02,000. రేపు ఎవరో పక్కింటాయన కంప్లైంట్ పెట్టి పై ఫ్లోర్లు ఖాళీ చేయించారనుకోండి, ఈఎంఐ కట్టడానికే నెలకి 78 వేలు జేబులోంచి వేయాలి. పోనీ ఏదో బ్యాంకు 9%కి ఇచ్చిందనుకున్నా ఈఎంఐ లక్షా 52 వేలు, అప్పుడూ నెలకి 50 వేలు తక్కువే. ఇంకోటి, మీ 2 కోట్ల 30 లక్షల ప్లస్ కోటిన్నర సరిగ్గా 3 కోట్ల 80 అవుతుందని లెక్క వేశారు గానీ రిజిస్ట్రేషన్ ఖర్చు మర్చిపోయారు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి 7.5%, మొత్తం ధర మీద 28 లక్షల 50 వేలు. అవి ఎక్కడినుంచి తెస్తారు, మీ అత్తగారి మందుల డబ్బులోంచా?

"అందుకే కదా 80 లక్షలు క్యాష్" అంటారు వాళ్లు, డ్యూటీ తగ్గుతుందని. ఆస్తి అమ్మకంలో 20 వేలు, ఆ పైన క్యాష్‌గా తీసుకోకూడదని ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం, పెనాల్టీ తీసుకున్నవాడికే, తీసుకున్నంతా. మరి మీకేం నష్టం అంటే, రేపు గొడవైతే ఆ 80 లక్షలు ఇచ్చినట్టు మీ దగ్గర కాగితం ఉండదు, మీరు అమ్మేటప్పుడు మీ కొన్న ధర 3 కోట్లే అని లెక్కవుతుంది. పొలం డబ్బు బ్యాంకులో తెల్లగా ఉన్నదాన్ని తీసి నల్లగా మార్చుకోవడం నాకైతే అర్థం కాదు. ఇది చర్చకి కూడా పెట్టొద్దు.

హాస్టల్ మాట కూడా త్వరగా చెప్పేస్తా. పర్మిషన్ కుటుంబాలు ఉండే ఇంటికి తీసుకున్నారు, హాస్టల్ అంటే వాడకం మారినట్టు, ట్రేడ్ లైసెన్స్, కమర్షియల్ పన్ను, ఫైర్ సంగతులు అన్నీ మొదలవుతాయి, కాలనీ అసోసియేషన్ వాళ్లు మొదటి కంప్లైంట్ పెట్టేది ఇలాంటి వాటి మీదే. అక్రమ అంతస్తులో యాభై మంది ఆడపిల్లల్ని పెట్టడం... మీవారికి నా మాటగా చెప్పండి, వద్దు.

దానికి అసలు కారణం రూల్సు కాదు, పిల్లర్లు. ఎవరూ మాట్లాడని విషయం ఇది, మీ ఆరు పేజీల్లో కూడా లేదు. ఇంజనీరు మూడంతస్తుల బరువుకి పునాది, పిల్లర్లు, స్టీలు లెక్కవేసి ఉంటే దాని మీద ఇంకో రెండంతస్తులు, పెంట్‌హౌస్, దాని పైన నీళ్ల ట్యాంకులు పెట్టారు. మొదటినుంచీ ఐదు వేద్దామనే ఉద్దేశంతో పునాది గట్టిగానే వేసి ఉండొచ్చు, చాలామంది అలాగే చేస్తారు, కానీ అది మేస్త్రీ నోటిమాట. 2016 డిసెంబరులో నానక్‌రామ్‌గూడలో కడుతున్న ఏడంతస్తుల బిల్డింగ్ రాత్రికి రాత్రి కుప్పకూలి కూలీల కుటుంబాలు దాని కింద పోయాయి, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు మర్చిపోయి ఉండరు. స్టిల్ట్ బిల్డింగ్‌కి కింద గోడలు ఉండవు, బరువంతా పిల్లర్ల మీదే, అక్కడ షాపు కోసం గోడలు కట్టి, పైపుల కోసం పిల్లరు పక్కన చెక్కి ఉంటే ఇంకా చూడాలి. మీరు ఈ బిల్డింగ్‌ని ఏ ధరకి కొందామనుకున్నా, ముందు ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుని మీ డబ్బుతో, మీ మనిషిగా తీసుకెళ్లి పిల్లర్లు టెస్ట్ చేయించండి, అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే అదే మీకు రిపోర్టు.

ఇందాక నాలుగో రకం అన్నాను కదా. మీది నాగోలు వైపు, మూసీ దగ్గర, చెరువులూ ఉన్న ఏరియా. 2024 జులైలో హైడ్రా (చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) వచ్చాక ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు), బఫర్ (దాని చుట్టూ వదలాల్సిన ఖాళీ) అనే మాటలు కూరగాయల బండి దగ్గర కూడా వినపడుతున్నాయి, అదే ఏడాది మూసీ ఒడ్డున ఇళ్ల గోడల మీద ఎర్రగా ఆర్‌బీ-ఎక్స్ (నది గర్భంలో ఉన్న ఇల్లని గుర్తు) అని రాసిన ఫొటోలు అందరూ చూశారు. పది హెక్టార్లు దాటిన చెరువుకి ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు బఫర్, అందులో కట్టకూడదు. చెరువుల మ్యాపులు నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లో ఉన్నాయి, సర్వే నెంబర్ పట్టుకుని చూడొచ్చు. అలాగే మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నెంబర్ ఏ జోన్‌లో ఉంది, ముందున్న రోడ్డుకి వెడల్పు ప్రతిపాదన ఏమైనా ఉందా చూడాలి. పర్మిషన్ వచ్చింది కాబట్టి స్థలం మంచిదే అయ్యుంటుంది, కానీ "అయ్యుంటుంది" అన్నమాట మీద కోట్లు పెట్టలేం కదా.

ఇవన్నీ అడగడానికి పెద్ద ఖర్చేం లేదు. పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తు, కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగానికి, పర్మిట్ నెంబర్ వేసి: శాంక్షన్ ప్లాన్ సర్టిఫైడ్ కాపీ ఇవ్వండి, ఓసీ కోసం దరఖాస్తు వచ్చిందా, వస్తే ఏం చేశారు, ఈ బిల్డింగ్ మీద సెక్షన్ 452 (అక్రమ కట్టడం) నోటీసు ఇచ్చారా, ఏ కోర్టులో అయినా కేసుందా. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీ అగ్రిమెంట్‌కి మిగిలింది 28 రోజులు కాబట్టి ఇవాళే వేసి, గడువు ఇంకో నెల పెంచమని అమ్మేవాళ్లని రాతపూర్వకంగా అడగండి. నోటీసు గురించి అడిగితే ఒకవేళ వాళ్లు "స్టే ఉంది, ఎవరూ ముట్టుకోలేరు" అని ధీమాగా అంటే సంతోషించకండి. స్టే ఉందంటే నోటీసు వచ్చిందని, కేసు నడుస్తోందని అర్థం, కొన్న రోజు నుంచి ఆ కేసు మీది, దాని తీర్పు మీ నెత్తిన.

సరే, ఇప్పుడు మీ ముందున్న దారులు చెప్తా, ఎంచుకోవాల్సింది మీరే.

వదిలేసి బయటికి రావచ్చు. 5 లక్షలు వెనక్కి రావడం అగ్రిమెంట్‌లో ఏం రాశారన్న దాని మీద ఉంటుంది, మీరు ఆ కాగితం పంపలేదు. "లోన్ రాకపోతే అడ్వాన్స్ వాపసు" అన్న లైను ఉంటే గొడవే లేదు. లేకపోతే, అమ్మేవాడు తనకి తెలిసి, కొనేవాడికి మామూలుగా కనపడని లోపం దాచకూడదని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55లో ఉంది. ఓసీ లేని సంగతి అడిగితే తెలిసేదే కదా అని వాళ్ల లాయరు అంటాడు, నోటీసో కేసో దాచినట్టు ఆర్టీఐలో తేలితే మాత్రం మీ చేయి పైనుంటుంది. ఏమీ తేలకపోతే బహుశా సగం వదులుకుని సెటిల్ చేసుకోవాల్సి రావచ్చు. రెండున్నర లక్షలు పోతాయి, బాధే, కానీ నెలకి 78 వేల చొప్పున చూస్తే అది మూడు నెలల నష్టం మాత్రమే.

లేదా బేరం మార్చొచ్చు. మీరు కొనేది 300 గజాల స్థలం, మూడంతస్తుల ఇల్లు, అంతే. పై రెండూ, పెంట్‌హౌసూ, షాపూ లెక్కలో సున్నా. ఆ ప్రకారం ధర చెప్పండి, పూర్తిగా చెక్కే, మార్ట్‌గేజ్ సంగతి, షాపు గోడలు వాళ్లే తేల్చాలి. ఈ దారిలో ఒక షరతు నాది, లోన్ 80 లక్షలు దాటకూడదు. 9%కి 80 లక్షలంటే ఈఎంఐ 81 వేల చిల్లర, మూడంతస్తుల అద్దెతోనే వెళ్లిపోతుంది, పై అద్దెలు వచ్చినన్నాళ్లు వాటిని విడిగా ఒక ఖాతాలో వేసి కూల్చివేతకో కోర్టుకో దాచుకోండి. అయితే ఆ రేటుకి బ్యాంకు ఒప్పుకోవాలి, ఇంజనీరు పిల్లర్లకి సరేననాలి, అమ్మేవాళ్లు రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా కలిసొచ్చేలా దాదాపు 90, 95 లక్షలు దిగాలి, ఈ మూడూ కలిసి రావడం కష్టమే. ఇంకో నిజం, వచ్చినా ఇది మచ్చ ఉన్న ఆస్తే, మీ పిల్లలు అమ్ముకునేటప్పుడు నేను పడ్డ పాట్లే పడతారు.

"నెలలో ఓసీ తెచ్చిస్తాం" అని వాళ్లంటే, తేనివ్వండి. మిగతా డబ్బు ఓసీ చేతికొచ్చాకే, రాకపోతే అడ్వాన్స్ వడ్డీతో వాపసు అని రాయించండి. పై ఫ్లోర్లు ఉండగా సక్రమమైన ఓసీ రాదు కాబట్టి, ఒకవేళ నిజంగా తెచ్చి చూపిస్తే మరీ జాగ్రత్తగా ఉండాలి, ఆ కాగితం మీద ఉన్న అంతస్తులు లెక్కపెట్టండి.

ఇంకోటి, అసలు ఈ డబ్బుతో వేరేది. అప్పు లేకుండా ఓసీ ఉన్న రెండు, మూడు ఫ్లాట్లు, లేదా ఓసీ ఉన్న చిన్న ఇల్లు. అద్దె డబ్బు పెట్టినదాని మీద ఏడాదికి 3% కూడా కష్టంగా వస్తుంది, నెలకి 50 వేలకి కొంచెం అటూఇటూ. రెండు లక్షలు విన్న చెవికి అది చాలా చిన్నగా వినపడుతుంది, కానీ ఆ రెండు లక్షల్లో మీకు మిగిలేది 17 వేలు అని ఇప్పుడు మీకు తెలుసు.

మీ ఆడపడుచు భర్త గురించి. ఆయన చెడ్డవాడని నేననను, రెండు వైపులా 1% కమీషన్ అంటే ఆయనకి 7 లక్షల 60 వేలు, ఏ మనిషికైనా ఆ వెలుగులో బిల్డింగ్ అందంగానే కనపడుతుంది. ఆయనతో వాదన పెట్టుకోకండి, ముఖ్యంగా ఆడపడుచు ముందు. "అన్నయ్యగారూ, బ్యాంకు కాదంటే మావారికి భయమేస్తోంది, మీరు కూడా 40 లక్షలు పెట్టి భాగం తీసుకోండి, అప్పుడు ఫైనాన్స్ కంపెనీ అప్పు తగ్గుతుంది కదా" అని మర్యాదగా అడగండి. ఆయన సరే అంటే ఆయనకి నిజంగా నమ్మకం ఉన్నట్టు, అప్పుడు ఆర్టీఐ జవాబు దాకా ఆగడానికి ఆయనే ముందు ఒప్పుకుంటాడు. వెనక్కి తగ్గితే ఇక మీరు వద్దన్నారనే మాట పడదు. ఎలాగూ బయటికి చెప్పుకోవడానికి "బ్యాంకు ఒప్పుకోలేదు" అన్న కారణం ఉంది, చుట్టరికాలు నిలబెట్టడానికి ఇంతకన్నా మంచి కారణం దొరకదు. అత్తగారికి మాత్రం లెక్క మొత్తం కూర్చోబెట్టి చెప్పండి, ఆవిడ డబ్బు కూడా ఉంది కదా ఇందులో, పొలం అమ్మిన మనిషికి ఈఎంఐ లెక్క మనకన్నా తొందరగానే అర్థమవుతుంది.

అగ్రిమెంట్ కాపీ, మార్ట్‌గేజ్ డీడ్ తీయించాక ఆ రెండూ ఒకసారి పంపండి. ఫైనాన్స్ కంపెనీ వాళ్లు ప్రాసెసింగ్ ఫీజు కట్టమని ఫోన్ చేస్తుంటారు, అప్పటిదాకా ఒక్క రూపాయి కూడా కట్టకండి.